లెక్కపెట్టడం చాలన్న హాల్డేన్

జె.బి.ఎస్. హాల్డేన్ 1892లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. అక్కడే గణితం, గ్రీకు, లాటిన్ చదివారు. సైన్సులో డిగ్రీ లేదు. అయినా 1924 నుంచి రాసిన వ్యాసాల్లో ప్రకృతివరణాన్ని గణితంలోకి తెచ్చి, జన్యుశాస్త్రానికి కొత్త దారి వేశారు. తలసీమియా జన్యువు ఒక్కటే ఉన్నవారికి మలేరియా నుంచి రక్షణ ఉండవచ్చని 1949లో ఊహించారు. తర్వాతి పరిశోధనలు ఆ ఊహకు బలమిచ్చాయి.

1957లో ఆయన భారతదేశం వచ్చి, తర్వాత పౌరసత్వం తీసుకున్నారు. చివరి ఏళ్లు భువనేశ్వర్‌లో గడిపారు. ఖరీదైన పరికరాల కోసం ఎదురుచూడక, చుట్టూ ఉన్న మొక్కలను, పిట్టలను, పురుగులను ఓపికగా గమనించి లెక్కపెట్టమని శిష్యులకు నేర్పారు. వారిలో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. లాంటానా పూలలో ఏ రంగు పూలమీద ఏ సీతాకోకచిలుక వాలుతుందో ఆయన లెక్కపెట్టారు. ఆ లెక్కలోంచి కొత్త జాతులు ఎలా ఏర్పడతాయన్న పెద్ద ప్రశ్న వచ్చింది.

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు.

మన బడుల్లో చాలావాటికి ప్రయోగశాల లేదు. కానీ లాంటానా కంచె ఉంటుంది. పిల్లల చేతికి నోటుపుస్తకమిచ్చి, చూసింది తెలుగులోనే రాయమని చెబుదాం.