షహీద్ ఇల్లాలు హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి)

సైన్యంలో ఉన్న కొడుకో, భర్తో, అన్నో ఇక తిరిగి రాడన్న కబురు ఒక ఇంటికి వచ్చిందనుకోండి. ఊరంతా ఆ ఇంటి ముందు చేరుతుంది. చనిపోయినవాడి ధైర్యాన్ని అందరూ పొగుడుతారు. కాని ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందా, పిల్లలు అన్నం తిన్నారా అని అడిగేవారు ఎందరు? మన తెలుగు నేల మీద కూడా బిడ్డలను సైన్యానికి పంపిన కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఇంటికి మనం ఏం చేయాలి? ఆ ఇంటివారు తమ దుఃఖాన్ని ఎలా మోయాలి? ఈ రెండింటికీ జవాబు మనకు ఒక సహాబియా జీవితంలో దొరుకుతుంది. ఆమే హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి).

ఆమె ఖస్అమ్ తెగకు చెందిన స్త్రీ. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ మైమూనా (రజి)కి తల్లి వైపు నుంచి సోదరి. ఇస్లాం సందేశం మక్కాలో ఇంకా గుట్టుగా వినిపిస్తున్న రోజుల్లోనే ఆమె విశ్వసించారు. ఆమె భర్త హజ్రత్ జాఫర్ (రజి). ఆయన అబూ తాలిబ్ కుమారుడు, హజ్రత్ అలీ (రజి)కి అన్న.

మక్కాలో హింసలు పెరిగినప్పుడు క్రీ.శ. 615 ప్రాంతంలో ఆ దంపతులు హబషా దేశానికి హిజ్రత్ చేశారు. నజాషీ చక్రవర్తి కొలువులో ముస్లింల తరఫున నిలబడి మాట్లాడింది హజ్రత్ జాఫరే. ఆ పరాయి దేశంలోనే అస్మా (రజి)కి అబ్దుల్లాహ్, ముహమ్మద్, ఔన్ అనే ముగ్గురు కొడుకులు పుట్టారు. అక్కడ వారు పన్నెండేళ్ళకు పైగా గడిపారు. హిజ్రీ 7లో, అంటే క్రీ.శ. 628లో, ఖైబర్ విజయం సమయానికి తిరిగి వచ్చారు. దైవప్రవక్త (స) జాఫర్‌ను కౌగిలించుకుని నుదుట ముద్దు పెట్టారు. ఖైబర్ గెలిచినందుకు ఎక్కువ సంతోషించాలో, జాఫర్ వచ్చినందుకు ఎక్కువ సంతోషించాలో తెలియడం లేదన్నారు. హబషా నుంచి ఓడలో వచ్చినవారికి రెండు హిజ్రత్‌ల పుణ్యం ఉందని అస్మా (రజి)కి శుభవార్త కూడా వినిపించారు.

మదీనాలో ఆ కుటుంబం కలిసి బతికింది ఏడాది పైచిలుకు మాత్రమే. హిజ్రీ 8, జుమాదల్ ఊలా మాసంలో (క్రీ.శ. 629) మూడు వేల మంది సైన్యం మూతా వైపు బయలుదేరింది. ఆ చోటు నేటి జోర్డాన్ దేశంలో కరక్ పట్టణం దగ్గర ఉంది. సైన్యానికి మొదటి నాయకుడు హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి). ఆయన నేలకొరిగితే జాఫర్ (రజి), ఆయన కూడా నేలకొరిగితే హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ రవాహా (రజి) జెండా పట్టాలని దైవప్రవక్త (స) ముందే నిర్ణయించి పంపారు. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు షహీద్ అయ్యారు. కుడి చేయి తెగితే జాఫర్ (రజి) ఎడమ చేత్తో జెండా పట్టారని, ఆ చేయి కూడా తెగితే మిగిలిన భుజాలతో గుండెకు అదుముకున్నారని చరిత్రకారులు రాశారు. ఆయన ఒంటి మీద యాభై గాయాలు లెక్కపెట్టామని, వాటిలో ఒక్కటైనా వీపు మీద లేదని ఆ యుద్ధంలో ఉన్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) చెప్పారు.

ఆ రోజు మదీనాలో అస్మా (రజి) ఎప్పటిలాగే ఇంటి పనుల్లో ఉన్నారు. తోళ్ళు శుద్ధి చేసే పని ముగించి, రొట్టెలకు పిండి కలిపి పెట్టారు. పిల్లలకు స్నానం చేయించి, నూనె రాసి, శుభ్రంగా తయారు చేశారు. అప్పుడు దైవప్రవక్త (స) ఇంటికి వచ్చి పిల్లలను తీసుకురమ్మన్నారు. వారిని దగ్గరకు తీసుకుని ముద్దాడారు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. అస్మా (రజి)కి గుండె ఝల్లుమంది. జాఫర్ గురించి ఏమైనా తెలిసిందా అని అడిగారు. ఆయన ఈ రోజే షహీద్ అయ్యారని ప్రవక్త (స) చెప్పారు. ఆమె బిగ్గరగా ఏడ్చేశారు. ఇరుగుపొరుగు స్త్రీలు ఆమె చుట్టూ చేరారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. దైవప్రవక్త (స) తన ఇంటికి వెళ్ళి మొదట చెప్పిన మాట ఏమిటి? జాఫర్ ఇంటివారికి భోజనం తయారు చేయమని. వారి మీద పడిన కష్టం వారిని వంట మీద ధ్యాస పెట్టనివ్వదని. అంటే చావు జరిగిన ఇంటికి అన్నం బయటి నుంచి రావాలి. చుట్టాలు, ఇరుగుపొరుగువారు వండి తేవాలి. మరి మన దగ్గర జరుగుతున్నది ఏమిటి? మూడో రోజని, పదో రోజని, నలభయ్యో రోజని ఆ దుఃఖంలో ఉన్న ఇంటివారి చేతే దేగిశాలు ఎక్కిస్తున్నాం. భర్త పోయిన స్త్రీ అప్పు చేసి ఊరికి బిర్యానీ పెడుతోంది. ఆ తర్వాత ఆ అప్పు తీర్చలేక పిల్లల చదువు మాన్పిస్తోంది. ఖననం అయ్యాక మృతుని ఇంట గుమిగూడి వంటలు చేయించడాన్ని సహాబీలు శోకాలు పెట్టడంలో భాగంగానే ఎంచేవారని హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) తెలిపారు. పోయినవారిని గౌరవించే పద్ధతి అది కాదు.

కన్నీళ్ళను ఇస్లాం నిషేధించలేదు. మూతా వార్త చెబుతున్నప్పుడు దైవప్రవక్త (స) కళ్ళ నుంచే నీళ్ళు కారాయి. మస్జిద్‌లో కూర్చున్నప్పుడు ఆయన ముఖంలో దుఃఖం స్పష్టంగా కనిపించిందని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. అయితే జాఫర్ ఇంటి ఆడవారు శోకాలు పెడుతున్నారని తెలిసినప్పుడు వారిని వారించమని కబురు పంపారు. ఏడ్వడం కారుణ్యం. గుండెలు బాదుకోవడం, బట్టలు చించుకోవడం, అల్లాహ్ నిర్ణయం మీద నిష్ఠూరాలాడటం మాత్రం తగదు.

మూడు రోజులు గడిచాక ఆయన మళ్ళీ ఆ ఇంటికి వచ్చారు. ఈ రోజు తర్వాత తన సోదరుని కోసం ఏడ్వవద్దని చెప్పారు. పిల్లలను పిలిపించారు. రెక్కలు రాని పిట్టపిల్లల్లా ఉన్నారు వారు. మంగలిని పిలిపించి వారి తలలు గొరిగించారు. ముహమ్మద్‌లో అబూ తాలిబ్ పోలిక ఉందన్నారు. అబ్దుల్లాహ్ రూపంలోను, గుణంలోను తనను పోలి ఉన్నాడన్నారు. అబ్దుల్లాహ్ చేయి పట్టుకుని, జాఫర్ ఇంటివారికి అండగా ఉండమని, ఈ బిడ్డ వ్యాపారంలో బర్కత్ ప్రసాదించమని మూడుసార్లు దుఆ చేశారు. అస్మా (రజి) తన బిడ్డలు అనాథలయ్యారని చెప్పుకొని బాధపడ్డారు. వారికి ఇహపరాల్లో సంరక్షకుడిగా తాను ఉండగా పేదరికం గురించి భయమెందుకని ఆయన ధైర్యం చెప్పారు. షహీద్‌కు ఇంతకంటే పెద్ద గౌరవం ఏముంటుంది? తెగిన రెండు చేతులకు బదులు జాఫర్‌కు స్వర్గంలో రెండు రెక్కలు లభించాయన్న శుభవార్త ఆ పిల్లలకు తరగని ఆస్తి అయింది. అబ్దుల్లాహ్ ఎదురైనప్పుడల్లా ఇబ్నె ఉమర్ (రజి) ఆయనను రెండు రెక్కలవాని కుమారుడా అని పిలిచి సలాం చెప్పేవారు. ఆ అబ్దుల్లాహ్ పెద్దయ్యాక దానగుణానికి పేరు పొందారు.

అస్మా (రజి) జీవితం అక్కడితో ఆగిపోలేదు. తర్వాత హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆమెను వివాహమాడారు. హిజ్రీ 10లో హజ్జతుల్ విదా ప్రయాణంలో జుల్‌హులైఫా వద్ద ఆమెకు ముహమ్మద్ బిన్ అబీబక్ర్ పుట్టాడు. హిజ్రీ 13లో అబూబక్ర్ (రజి) మరణిస్తే, ఆయన కోరిక ప్రకారం ఆమే స్వయంగా గుస్ల్ ఇచ్చారు. ఆ తర్వాత హజ్రత్ అలీ (రజి) ఆమెను పెళ్ళి చేసుకున్నారు. ఒకసారి జాఫర్ కొడుకు, అబూబక్ర్ కొడుకు మా నాన్న గొప్పంటే మా నాన్న గొప్పని వాదించుకున్నారు. తీర్పు చెప్పమని అలీ (రజి) ఆమెనే అడిగారు. యువకుల్లో జాఫర్‌ను మించినవాణ్ణి, పెద్దల్లో అబూబక్ర్‌ను మించినవాణ్ణి తాను చూడలేదని ఆమె చెప్పారు. మరి నాకేం మిగిల్చావని అలీ (రజి) నవ్వారు. చూడండి, పునర్వివాహం ఆమె గుండెలో జాఫర్ స్థానాన్ని చెరిపేయలేదు. ఆ జ్ఞాపకాన్ని ఆ ఇంట్లో ఎవరూ తప్పుపట్టనూ లేదు. మన ఇళ్ళలో వితంతువైన కోడలికి మళ్ళీ పెళ్ళి అంటే పోయినవాడికి అవమానమని అనుకునేవారు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి.

కాబట్టి సోదర సోదరీమణులారా! మన వీధిలో అలాంటి కబురు ఏ ఇంటికైనా వస్తే ముందుగా ఒక గిన్నెలో అన్నం తీసుకువెళదాం. మూడు రోజుల తర్వాత కూడా ఆ గుమ్మం తొక్కుదాం. ఆ పిల్లల ఫీజులు, పుస్తకాల సంగతి కనుక్కుందాం. వారి తండ్రి మంచితనాన్ని వారికి చెబుదాం. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని, దుఃఖంలో ఉన్న ప్రతి ఇంటికీ సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.