సరోజినమ్మ చేసిన రాయబారం

గచ్చిబౌలి నుంచి లింగంపల్లి వెళ్లే దారిలో, ఐటీ కంపెనీల అద్దాల మేడల తర్వాత హైదరాబాద్ యూనివర్సిటీ వస్తుంది. 1974లో ఆ యూనివర్సిటీ మొదలైంది మాత్రం నాంపల్లిలో, సరోజినీ నాయుడుగారి ఇంట్లో! ఇప్పటి క్యాంపస్‌లో కళల విభాగానికీ ఆవిడ పేరే పెట్టారు. ఆవిడంటే మనకు కవిత్వం, ఉప్పు సత్యాగ్రహం గుర్తొస్తాయి. నాకు మాత్రం 1924లో ఆవిడ చేసిన రాయబారం ముందు గుర్తొస్తుంది.

1879లో హైదరాబాద్‌లో స్థిరపడ్డ బెంగాలీ ఇంట్లో పుట్టారు. పదహారో ఏట చదువుకని ఇంగ్లండ్ వెళ్లారు. 1898లో, కులాలు వేరైనా, డాక్టర్ గోవిందరాజులు నాయుడుగారిని పెళ్లాడారు. నలుగురు పిల్లలు. హిందువులూ ముస్లిములూ కలిసి బతికిన ఊళ్లో పెరిగారు కాబట్టి, ఇద్దరి మధ్యా సఖ్యత కోసం జీవితమంతా తిరిగారు.

ఇక ఆఫ్రికా సంగతి. 1860 నుంచి మద్రాసులో ఓడలెక్కి నాటాల్ చెరుకు తోటలకు కూలికి వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లలు అక్కడే స్థిరపడ్డారు. అది తెల్లవాళ్లకు కంటగింపైంది. కెన్యాలోనైతే, ఇండియన్లకు సమాన హక్కులిస్తే ఆయుధాలు పట్టి తిరగబడతామని అక్కడి తెల్లవాళ్లు బెదిరించారు. దక్షిణాఫ్రికాలో మనవాళ్లు ఎక్కడుండాలో, ఎక్కడ వ్యాపారం చేసుకోవాలో గీతగీసే క్లాస్ ఏరియాస్ బిల్లు పార్లమెంటుకొచ్చింది.

అలాంటి సమయంలో వెళ్లారావిడ. జనవరిలో మొంబాసాలో తూర్పు ఆఫ్రికా ఇండియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు. తర్వాత దక్షిణాఫ్రికాలో ఊరూరా తిరిగారు. మనవాళ్లకు ధైర్యం చెప్పారు. తెల్లవాళ్ల సభల్లోనూ మాట్లాడారు. ప్రధాని స్మట్స్‌నూ కలిశారు. ఇంతలో స్మట్స్ పార్లమెంటును రద్దు చేసి ఎన్నికలకు వెళ్లి ఓడిపోయాడు. బిల్లు అక్కడితో ఆగింది. అది ఆవిడ ఒక్కరి వల్లే అనలేం. కానీ దొరికిన వ్యవధి వృథా పోలేదు. రెండు ప్రభుత్వాలూ కూర్చుని మాట్లాడుకోగా 1927లో కేప్‌టౌన్ ఒప్పందం కుదిరింది. 1932లో మళ్లీ చర్చలకు వెళ్లిన మన బృందంలో సరోజినీదేవిగారూ ఉన్నారు.

అన్నీ చక్కబడ్డాయా అంటే, లేదు. 1948లో వర్ణవివక్షే ప్రభుత్వ విధానమైంది. 1949 జనవరిలో డర్బన్‌లో ఆఫ్రికన్లకూ మనవాళ్లకూ అల్లర్లు చెలరేగి 142 మంది పోయారు. అది జరిగిన ఏడు వారాలకే, మార్చి 2న, ఉత్తరప్రదేశ్ గవర్నర్‌గా ఉంటూ లక్నోలో ఆవిడ కన్నుమూశారు.

మరైతే ఆ రాయబారం వల్ల ఒరిగిందేమిటని అడగొచ్చు. కృష్ణ రాయబారమూ యుద్ధాన్ని ఆపలేదు కదా! కానీ గొడవను ఒక్క ఏడాది వెనక్కి నెట్టినా, ఆ ఏడాది కొన్ని వేల ఇళ్లల్లో పొయ్యి వెలుగుతుంది, పిల్లలు బడికెళ్తారు. అదేం చిన్న విషయం కాదని ఇల్లు నడిపే మనకు ఒకరు చెప్పాలా?