చిన్న ఈగ, పెద్ద ప్రశ్న: ఆచార్య ఒబైద్ సిద్దీఖీ

మన సంఘం ప్రత్యేక సంచికల్లో స్వాతంత్ర్య సమరయోధుల గురించి, కవుల గురించి మిత్రులు ఎన్నో వ్యాసాలు రాశారు. ఈసారి ఒక శాస్త్రవేత్త జీవితాన్ని నాకు తెలిసినంతలో పాఠక మిత్రుల ముందుంచుతున్నాను. అరటిపండ్లు మగ్గిపోతే వాటి మీద ముసిరే నలుసంత ఈగలను మనమందరం చేత్తో విదిలించేసేవాళ్లమే. ఆయన మాత్రం తన జీవితంలో దాదాపు సగభాగం ఆ ఈగకే ఇచ్చారు. దానికి వాసన ఎలా తెలుస్తుంది, రుచి ఎలా తెలుస్తుంది, ఆ శక్తి తరం నుంచి తరానికి ఎలా దిగుతుంది అన్నదే ఆయన వెతుకులాట.

ఇదీ ఒక పనేనా అని కొందరికి అనిపించవచ్చు. డెబ్బై దాటిన మనకు ఇది చాలా దగ్గరి విషయం. పప్పులో ఉప్పు చాల్లేదని మనం, సరిపడా వేశానని ఇంటావిడ వాదించుకోని పెన్షనర్ల ఇల్లు ఉందా? 2020, 2021 సంవత్సరాల్లో కరోనా వచ్చినప్పుడు ఎంతోమందికి వాసన పోయి, ఫిల్టరు కాఫీ కూడా ఉత్త వేడినీళ్లలా అనిపించింది.

సిద్దీఖీ గారు 1932 జనవరి 7న ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ జిల్లాలో జన్మించారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చదివారు. మొదట ఆయనది మొక్కల శాస్త్రం. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో గోధుమ మీద పనిచేస్తుండగా వడగళ్ల వాన పడి పరిశోధన పైరు నేలపాలైందని, ఆకాశం దయ మీద ఆధారపడని శాస్త్రం వైపు అప్పుడే ఆయన మనసు మళ్లిందని చెప్పుకుంటారు. తర్వాత స్కాట్లండ్‌లోని గ్లాస్గో వెళ్లి, గ్విడో పాంటెకోర్వో అనే ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త దగ్గర ఒక బూజు జన్యువుల మీద పరిశోధన చేసి పీహెచ్.డి. పొందారు.

అక్కడి నుంచి అమెరికా. అక్కడ ఆలన్ గారెన్‌తో కలిసి బ్యాక్టీరియాపై చేసిన పని 1962లో అచ్చయింది. దాని సారం మన ఆఫీసు భాషలో చెబుతాను. ఒక పెద్ద ఉత్తర్వును టైపు చేస్తుండగా మధ్యలో ఎక్కడో ‘సమాప్తం’ అన్న ముద్ర పడిందనుకోండి. టైపిస్టు అక్కడే ఆపేస్తాడు, ఉత్తర్వు సగంలో ఉండిపోతుంది. జన్యువులో కూడా ఒక్కొక్కప్పుడు ఇటువంటి ముద్ర పడి, తయారుకావలసిన ప్రోటీను సగంలో ఆగిపోతుంది. వేరొక చోట ఉన్న మరో జన్యువులో మార్పు వస్తే, ఆ తప్పుడు ముద్రను దాటి పని మళ్లీ సాగుతుంది. ఇటువంటి జన్యువుల జాడ పట్టుకున్న తొలివారిలో ఆయనొకరు. అప్పటికి ముప్పై ఏళ్లవారు.

ఆ 1962లోనే డాక్టర్ హోమీ భాభా ఆయనను బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు పిలిపించారు. అది భౌతిక, గణిత శాస్త్రాల నిలయం. జీవశాస్త్రానికి అక్కడ కుర్చీయే లేదు. లియో జిలార్డ్ వంటి పెద్దల సిఫారసు మీద ఈ యువకుడి కోసం భాభా ఒక కొత్త విభాగాన్నే ఏర్పాటు చేశారు. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన నాకు ఈ ఘట్టం మరీ మరీ చదవాలనిపిస్తుంది. మా పద్ధతిలో ముందు పోస్టు మంజూరు కావాలి, తర్వాత మనిషిని వెతకాలి. భాభా ముందు మనిషిని చూసి, తర్వాత పోస్టు సృష్టించారు. ఆడిట్ వారు ఏమన్నారో గాని, దేశానికి మాలిక్యులర్ బయాలజీ అలా వచ్చింది.

నలభయ్యో పడిలో సిద్దీఖీ గారు మళ్లీ దారి మార్చారు. బ్యాక్టీరియాలో పేరు వచ్చాక దాన్ని వదిలి, అమెరికాలోని కాల్‌టెక్‌లో సీమోర్ బెంజర్‌తో కలిసి ఈగల నాడీమండలం మీద పనిచేశారు. మామూలు వేడిలో చక్కగా తిరిగే కొన్ని ఈగలు 38 డిగ్రీల వేడికి కుప్పకూలిపోయేవి. చల్లబరిచాక నెమ్మదిగా తేరుకునేవి. ఒక్క జన్యువులో దోషం నరాల మీదుగా నడిచే కబురును ఎలా ఆపుతుందో ఈ ఈగల సాయంతో వారిద్దరూ 1976లో ప్రకటించారు.

ఇక బొంబాయిలో మొదలైనదే వాసన, రుచుల పని. ఈగ కాళ్లతోనూ రుచి చూస్తుంది. కాలి వెంట్రుకకు తీపి నీరు తగిలితే చాలు, తొండం చాస్తుంది. ఆ రుచి వెంట్రుకలలో తీపికి, ఉప్పుకు, నీటికి వేరువేరు నరాల కణాలు ఉంటాయి. వాసన తెలిసేది ముఖ్యంగా తలమీది మీసాలతో. సిద్దీఖీ గారి బృందం రసాయనాలతో ఈగల జన్యువుల్లో మార్పులు కలిగించి, వాటి సంతానంలో రుచి తెలియని వాటిని ఏరేది. వేలకొద్దీ ఈగల్లో ఒకటో రెండో దొరికేవి. మలేరియా రోజుల్లో మనం మొహం చిట్లించుకుని మింగిన క్వినైన్ ఈగకూ సయించదు. క్వినైన్ కలిపిన తిండిని నిశ్చింతగా తినే ఈగ దొరికితే దానిలో ఏదో లోపం ఉన్నట్టే. తిండిలో రంగు కలిపితే ఏది తిన్నదో పొట్ట చూసి చెప్పవచ్చు. ఎంత తేలికైన ఉపాయం!

ఈ పనిలో ఆయనకు కుడిభుజం వెరోనికా రోడ్రిగ్స్. నైరోబీలో పుట్టి, ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో చదువుకున్న ఈమె, ఆయన పరిశోధన గురించి చదివి, ఆయనకు ఉత్తరం రాసి, విద్యార్థినిగా బొంబాయి వచ్చి చేరారు. ఈగను రెండు దారుల గొట్టంలోకి వదిలి, ఏ వాసన వైపు పోతుందో లెక్కపెట్టారు. వీరి తొలి ఫలితాలు 1978లో వెలువడ్డాయి. 1981లో వీరు వర్ణించిన ఒక రకం ఈగకు గ్లూకోజ్ తీపి సరిగా తెలియదు, పండ్ల చక్కెర అయిన ఫ్రక్టోజ్ తీపి మాత్రం మామూలుగానే తెలుస్తుంది. అంటే మనం ఒకే మాటతో తీపి అంటున్నదానికి ఈగ నరంలో కనీసం రెండు వేరు వేరు తలుపులున్నాయన్నమాట. వాసనలోనూ అంతే. ఒక రకం ఈగకు చేదు బాదం వాసన తెలియదు, మిగిలినవి తెలుస్తాయి. దోషం వెంట్రుక కొసన ఉన్నదా, లోపల మెదడులో ఉన్నదా అని తేల్చడానికి ఆ సూక్ష్మమైన వెంట్రుకకు గాజు గొట్టం తొడిగి నరంలోని విద్యుత్తును కొలిచేవారు.

వాసనను పట్టే గ్రాహకాల జన్యువులు ఎలుకల్లో 1991లో అమెరికాలో బయటపడ్డాయి. దానికి 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈగల్లో అటువంటి జన్యువులు 1999లో దొరికాయి. అంతకు ఇరవై ఏళ్ల ముందే, జన్యువును చదివే సాధనాలు చేతికి రాకముందే, కొలాబాలో కూర్చుని ఈగ ప్రవర్తన చూసి వీరు ఆ దారి వేశారు. ఈ విషయం మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

1984లో పద్మభూషణ్, అదే ఏడాది లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, 2006లో పద్మవిభూషణ్ వచ్చాయి. బిరుదుల జాబితా ఇంకా ఉంది, వదిలేస్తాను.

మనమంతా శాలువా కప్పించుకుని, దండ వేయించుకుని ఇంటికి వచ్చే వయసులో ఆయన బెంగళూరు వచ్చి నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ స్థాపించారు. 1990ల ఆరంభంలో పని మొదలై, తర్వాత వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి జీకేవీకే ఆవరణలో సొంత భవనాలు లేచాయి. తొలి డైరెక్టరు ఆయనే. ఆ బాధ్యత తర్వాతివారికి అప్పగించాక చాలామంది పెద్దల్లా సభలకే పరిమితం కాలేదు. మళ్లీ ఈగల సీసాల దగ్గరికే వెళ్లారు. ఈసారి ఈగ పురుగు దశ మీద. దాని తలలో ఒక్కో వైపు వాసన పట్టే నరాలు 21 మాత్రమే. అంత కొద్ది సరంజామాతో అది ఫలానా వాసన వస్తే కీడు అని నేర్చుకోగలదని చూపిన వ్యాసం 2009లో వచ్చింది. అప్పటికి ఆయనకు 77 ఏళ్లు. మరుసటి సంవత్సరం వెరోనికా గారు క్యాన్సరుతో కన్నుమూశారు. శిష్యురాలు ముందు వెళ్లిపోవడం ఏ గురువుకైనా ఎంత బరువో చెప్పనక్కరలేదు.

ఆ పురుగుల వాసన మీదే మరో వ్యాసం 2013లో వెలువడింది. ఆ ఏడాది జులైలో ఇంటి దగ్గర నడుస్తుండగా ఒక ద్విచక్ర వాహనం ఆయనను ఢీకొన్నది. తలకు తగిలిన దెబ్బతో జులై 26న బెంగళూరులో మరణించారు. వయసు 81. ఆయన కుమారుల్లో ఒకరు మన హైదరాబాదు సీసీఎంబీలో మొక్కల జన్యుశాస్త్రవేత్తగా పనిచేశారు. బెంగళూరులో పిల్లల దగ్గరికి వెళ్లే సభ్యులు హెబ్బాళ దాటి బళ్లారి రోడ్డున విమానాశ్రయం వైపు పోతుంటే, దారిలోనే జీకేవీకే ఆవరణ వస్తుంది. ఆయన ఈగలను పెంచిన సంస్థ అందులోనే ఉంది.