ఎవరెస్టు దొర కొలిచిన భూమి

హిమాలయ శిఖరం పేరుగా ఎవరెస్టు అందరికీ తెలిసినదే. ఆ పేరుగల మనిషి మన తెలుగు అడవుల్లో జ్వరంతో పడి లేచినవాడని, మా చోడవరం పాత పటాన్ని కంప్యూటరులో ఎక్కించినప్పుడు ఆయన లెక్క నేటికీ ఎదురుపడుతుందని ఎరిగినవారు తక్కువ.

జార్జి ఎవరెస్టు 1790లో పుట్టాడు. 1806లో కంపెనీవారి బెంగాల్ ఫిరంగిదళంలో చేరి ఇండియాకు వచ్చాడు. 1818లో హైదరాబాదులో కర్నల్ లాంబ్టన్‌కు సహాయకుడయ్యాడు. ఈ లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఒక ఆధారరేఖ కొలిచి, అక్కడినుంచి త్రిభుజం పక్కన త్రిభుజం అల్లుకుంటూ వస్తున్న ఓపికమంతుడు. ఒక్క గీత సరిగ్గా కొలిస్తే చాలు, తక్కినదంతా కోణాల లెక్కే గదా! ఆ కోణాలు చూసే థియోడొలైటు మాత్రం అర టన్ను బరువు. దాన్ని కొండలెక్కించింది దొరలు కాదు సుమండీ, మన కూలీలు. వారి పేర్లు పటాల్లో కనపడవు.

1819లో కృష్ణా గోదావరుల నడుమ ఎల్లాపురం అడవుల్లో సర్వే చేస్తుండగా జ్వరాలు తగిలి దండంతా కూలబడింది. కొందరు చనిపోయారు. ఎవరెస్టు కోలుకోవడానికి దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్‌కి వెళ్లవలసివచ్చింది. అయినా తిరిగి వచ్చాడు. 1823లో లాంబ్టన్ హింగన్‌ఘాట్‌లో కన్నుమూయగా, ఆ పని ఈయన చేతికొచ్చింది. 1830లో సర్వేయర్ జనరల్ అయ్యాడు. కోపిష్ఠి. కిందివాళ్లతో కఠినంగా ఉండేవాడు. లెక్కలో మాత్రం వెంట్రుకవాసి తేడాకైనా ఒప్పుకునేవాడు కాదు. నాకు ఆయన మీద గౌరవమే గాని, ప్రేమ కలగదు.

కన్యాకుమారి నుంచి హిమాలయాల దాకా సాగిన ఆ కొలతలకు భూమి ఆకారం తెలియాలి. భూమి నున్నని బంతి కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయినది. ఎవరెస్టు తన కొలతలకు సరిపోయేలా 1830లో ఒక ఆకారం తేల్చాడు. నేడు ఉపగ్రహాలతో తేల్చిన డబ్ల్యు.జి.ఎస్. 84 ఆకారంతో పోలిస్తే భూమధ్యరేఖ దగ్గర దాని వ్యాసార్ధం సుమారు 860 మీటర్లు తక్కువ. పైగా అది ఇండియాకు అతికేలా అమర్చినది కాబట్టి, దాని కేంద్రం అసలు భూకేంద్రానికి దాదాపు 800 మీటర్ల ఎడంగా పడింది. ఆ రోజుల్లో భూకేంద్రాన్ని చూపే సాధనమేదీ?

ఇక మన తిప్పలు ఇక్కడే. పాత టోపోషీటులోని అక్షాంశ రేఖాంశాలను ఉన్నవి ఉన్నట్టు కంప్యూటరు పటం మీద పెడితే చోడవరం ప్రాంతంలో సుమారు 200 మీటర్లు పక్కకు జరుగుతుంది. చెరువు వెళ్లి చెరకుతోటలో పడుతుంది. కుర్రాళ్లు ప్రొజెక్షన్‌ని తిడతారు, మార్చి మార్చి చూస్తారు. ప్రొజెక్షన్ అంటే గుండ్రని నేలను కాగితం మీద పరిచే పద్ధతి మాత్రమే. పాలీకోనిక్‌నుంచి మెర్కేటర్‌కి ఎన్నిసార్లు మార్చినా ఈ తేడా పోదు. పటం ఏ ఆకారం మీద, ఏ కేంద్రంతో గీసినదో, అంటే దాని డేటమ్ ఏమిటో, ముందు సాఫ్ట్‌వేరుకు చెప్పాలి. అప్పుడు అది మూడు దిక్కుల్లోనూ కేంద్రాన్ని జరిపి లెక్క సరిచేస్తుంది. చెప్పకపోతే అన్నీ డబ్ల్యు.జి.ఎస్. 84 అనే అనుకుంటుంది, పాపం!

ఎవరెస్టు 1843లో ఉద్యోగం విరమించాడు. ఆయన తెప్పించిన కొలతకడ్డీలతోనే 1862-63లో మన విశాఖపట్నం దగ్గర ఆధారరేఖ కొలిచారు. 1865లో శిఖరానికి తన పేరు పెట్టడం ఆయనకు నచ్చలేదు. ఆ మరుసటి ఏడు డిసెంబరు 1న పోయాడు. 2005 పటాల విధానం తర్వాత సర్వే ఆఫ్ ఇండియా ప్రజలకిచ్చే కొత్త షీట్లు డబ్ల్యు.జి.ఎస్. 84 మీదే వస్తున్నాయి. మన లైబ్రరీ బీరువాల్లోని పాతవి మాత్రం ఇంకా ఎవరెస్టు దొరవే.