మంచు వేదికపై మేరిబెల్ విన్సన్

పాదరక్షలకు అమర్చిన సన్నని ఉక్కు అంచులే ఆధారంగా, నున్నని మంచుపై సంగీతానుగుణంగా సాగే విన్యాసమే ఫిగర్ స్కేటింగ్. క్రీడకు అవసరమైన బలం, నృత్యానికి అవసరమైన లాలిత్యం జతకూడినప్పుడే ఇందులో రాణింపు సాధ్యమవుతుంది. ఈ కళలో క్రీడాకారిణిగానూ, శిక్షకురాలిగానూ చిరకీర్తిని ఆర్జించిన మహిళ మేరిబెల్ విన్సన్.

ఆమె 1911 అక్టోబరు 12న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన వించెస్టర్‌లో జన్మించింది. తల్లిదండ్రులిద్దరూ స్కేటింగ్‌లో ప్రవేశమున్నవారే కావడంతో బాల్యంలోనే ఆమెకు ఈ విద్య అలవడింది. 1928 నుండి 1937 వరకు, ఒక్క 1934 మినహా, ప్రతి సంవత్సరం జాతీయ మహిళా విజేతగా నిలిచింది. రాడ్‌క్లిఫ్ కళాశాలలో పట్టం పుచ్చుకొని, న్యూయార్క్ టైమ్స్ పత్రికలో క్రీడా విలేఖరిగానూ పనిచేసింది. అయితే ఒలింపిక్ స్వర్ణం మాత్రం ఆమెకు అందలేదు. నార్వే దేశీయురాలైన సోన్యా హెనీ ఏకచ్ఛత్రాధిపత్యం వహించిన ఆ కాలంలో, 1932 లేక్ ప్లాసిడ్ క్రీడల్లో లభించిన కాంస్యంతోనే ఆమె తృప్తి చెందవలసి వచ్చింది.

తనకు దక్కని ఫలాన్ని శిష్యులకు దక్కించడమే ఆమె జీవితంలోని ఉత్తరార్ధం. 1938లో కెనడా స్కేటర్ గై ఓవెన్‌ను వివాహమాడి ఇద్దరు కుమార్తెలకు తల్లియైన ఆమె, శిక్షణ వృత్తితోనే కుటుంబ భారాన్ని మోసింది. బాల్యంలో పోలియో బారినపడి కోలుకున్న టెన్లీ ఆల్‌బ్రైట్ ఆమె శిష్యురాలు. 1956లో ఇటలీలోని కోర్టీనాలో టెన్లీ స్వర్ణ పతకాన్ని గెలిచి, మహిళల ఫిగర్ స్కేటింగ్‌లో ఆ ఘనత పొందిన తొలి అమెరికన్‌గా నిలిచింది.

1961 జాతీయ పోటీల్లో చిన్న కుమార్తె లారెన్స్ మహిళా విజేత కాగా, పెద్ద కుమార్తె మేరిబెల్ జంటల విభాగంలో విజయం సాధించింది. ప్రపంచ పోటీల కోసం ప్రాగ్ నగరానికి పయనమైన తల్లీకూతుళ్లు ముగ్గురూ ఫిబ్రవరి 15న బ్రస్సెల్స్ సమీపంలో జరిగిన విమాన ప్రమాదంలో అసువులు బాసారు. అమెరికా జట్టులోని 18 మంది స్కేటర్లతో సహా విమానంలోని 72 మందీ మరణించారు. ఆ ఏడు ప్రపంచ పోటీలు రద్దయ్యాయి.

ఒక తరం అంతరించినా విద్య అంతరించలేదు. ఆమె వద్ద నేర్చిన ఫ్రాంక్ కారొల్ తానూ గురువై మిషెల్ క్వాన్ వంటివారిని తీర్చిదిద్దాడు. ఆయన శిష్యుడు ఎవాన్ లైసాచెక్ 2010లో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. గురువు ఆయువు పరిమితమే కావచ్చు; ఆ గురువు పంచిన విద్య మాత్రం శిష్య ప్రశిష్యుల్లో నిలిచి వెలుగుతుందని మేరిబెల్ జీవితం చాటుతున్నది.