పది గోల్స్ ఓటమి తర్వాత రహీమ్ ఏం చేశారు?

మా పెద్దాపురంలో సాయంత్రం పూట ఏ టీ కొట్టు దగ్గరైనా పది నిమిషాలు నిలబడండి. ఎవరో ఒక కోచ్ ఉద్యోగం ఊడిపోతుంది. రాత్రి మ్యాచ్ పోతే తెల్లారేసరికి తీర్పు సిద్ధం. పాత కోచ్‌ని ఎందుకు పంపెయ్యాలో ఒకరు చెబుతారు, కొత్తగా ఎవర్ని తేవాలో ఇంకొకరు చెబుతారు. టీ చల్లారేలోపు నలుగురి పేర్లు పరిశీలనకు వచ్చేస్తాయి.

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో నేనూ ఇదే పని చేశాను. మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు పోటీలకు వెళ్లిన ప్రతిసారీ తొలి రౌండ్‌లోనే ఇంటికి వచ్చేసేది. తప్పంతా పీడీ సార్‌దే అని హాస్టల్లో తేల్చేశాం. ఆయన స్థానంలో ఎవరు రావాలన్న దానిపై రెండు వర్గాలుగా విడిపోయి తెల్లవార్లూ వాదించుకున్నాం. సంతకాలు పెట్టి లెటర్ కూడా ఇచ్చాం. సార్ మారారు. కొత్త సార్ వచ్చారు. మరుసటి ఏడాదీ తొలి రౌండ్‌లోనే ఓడిపోయాం. ఎందుకంటే కోర్టులో సిమెంటు పగుళ్లు అలాగే ఉన్నాయి, ఒక రింగుకి వల లేదు, ప్రాక్టీసుకి మేం వచ్చేదే వారానికి రెండు రోజులు. మా లెటర్‌లో వీటి గురించి ఒక్క లైను కూడా లేదు.

ఓడిన కోచ్‌ని ఏం చెయ్యాలి? ఓడిన కోచ్ ఏం చెయ్యాలి? ఈ రెండు ప్రశ్నలకీ మన తెలుగు నేల మీద ఒక జీవితమే జవాబుగా ఉంది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. శిష్యులకు రహీమ్ సాబ్. 2024లో వచ్చిన మైదాన్ సినిమాలో అజయ్ దేవగణ్ వేసిన పాత్ర ఆయనదే. సినిమా చూసినవాళ్లు కూడా అసలు కథ ఒకసారి వినండి.

బడి పంతులు ఉద్యోగంతో మొదలు

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు, అక్కడే ఫుట్‌బాల్ ఆడారు. చదువయ్యాక చేసింది టీచర్ ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూల్‌తో పాటు నగరంలోని మరికొన్ని బడుల్లో పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బడిలో ఆటల బాధ్యత తీసుకున్నారు. ఈరోజు మన భాషలో చెప్పాలంటే చేస్తున్న ఉద్యోగం వదలకుండా ఇష్టమైన రంగంలో ఒక అదనపు క్వాలిఫికేషన్ సంపాదించుకున్నారన్నమాట.

పంతులు బుద్ధి ఆయన్ని చివరిదాకా వదల్లేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉన్నప్పుడు కుర్రాళ్లకు వింత వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని పరుగెత్తడం నిషేధం, వెంటనే పాస్ ఇచ్చేయాలి. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు మ్యాచ్ మొత్తం ఎడమ కాలితో ఆడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మొదట్లో నవ్వులాట. కొన్నాళ్లకి రెండు కాళ్లూ సమానంగా పనిచేసే ఆటగాళ్లు తయారయ్యారు.

ఫలితం ఆయన శిక్షణ ఇచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో కనబడింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులదే రాజ్యం అనుకునే రోజుల్లో అది చిన్న విషయం కాదు. భారత జట్టు కోచ్ పదవి ఆయనకు వచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో మన జట్టు ఇరాన్‌ని 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది.

ఇంతవరకు అంతా బాగానే ఉంది.

హెల్సింకిలో పది గోల్స్

1952 జులై 15. హెల్సింకి ఒలింపిక్స్. ప్రత్యర్థి యుగోస్లావియా. స్కోరు 10-1. ఆ పది వాళ్లవి. మన ఒక్క గోల్ అహ్మద్ ఖాన్‌ది.

ఏడాది కిందట ఆసియా విజేత, ఇప్పుడు తొలి మ్యాచ్‌లోనే ఈ గతి. మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఉత్త కాళ్లతో ఆడారు. ఫిన్లాండ్ చలిలో, తడి నేల మీద, బూట్లు వేసుకున్న బలమైన యూరప్ జట్టుతో. బాధ్యత ఎవరిది? కోచ్‌దా, ఆటగాళ్లదా, బూట్లు తప్పనిసరి చెయ్యని సంఘానిదా?

నిజం చెప్పాలంటే అందరిదీ. ఇద్దరే బ్యాక్‌లతో ఆడే పాత పద్ధతిని యూరప్ జట్లు ఎప్పుడో దాటిపోయాయి, మనం అక్కడే ఉన్నాం. ఆటను నడిపే మనిషిగా ఆ వాటా రహీమ్ ఖాతాలోనే పడాలి. బూట్ల వాటా మాత్రం సంఘానిది. ఆ పోటీల తర్వాతే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. అంటే 10-1 అనే ఒక్క అంకె వెనక కనీసం రెండు మూడు వేరు వేరు తప్పులున్నాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది బాగా తెలుసు. స్క్రీన్ మీద కనిపించే ఎర్రర్ ఒక్కటే, కారణాలు మూడు ఫైళ్లలో ఉంటాయి.

కోచ్ మారితే ఏమైంది?

1954లో మనీలా ఆసియా క్రీడలకు జట్టు వేరే చేతికి వెళ్లింది. కోచ్‌గా వెళ్లినవారు బలాయ్‌దాస్ చటర్జీ. అనుభవం లేనివారేమీ కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఫ్రాన్స్‌తో పోరాడి 2-1 తేడాతో ఓడినప్పుడు కోచ్ ఆయనే. కానీ మనీలాలో జపాన్‌పై 3-2తో గెలిచి, ఇండోనేషియా చేతిలో 4-0తో ఓడి, గ్రూప్ దశలోనే బయటికి వచ్చేశాం. టైటిల్ నిలబెట్టుకోవాల్సిన జట్టు సెమీస్ కూడా చూడలేదు.

దీన్ని బట్టి చటర్జీ చెడ్డ కోచ్ అనడం నా ఉద్దేశం కాదు, అది మళ్లీ మా హాస్టల్ తీర్పే అవుతుంది. కుర్చీలో మనిషి మారినంత మాత్రాన ఆట తీరు మారిపోదు, అంతే.

మరి రహీమ్? ఆయన పని ఆయన చేసుకుంటూనే ఉన్నారు. హెల్సింకిలో స్వర్ణం గెలిచింది హంగరీ. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడకుండా వెనక్కి దిగి ఆడేవాడు. అతణ్ని పట్టుకోవడానికి డిఫెండర్ ముందుకొస్తే వెనకాల ఖాళీ ఏర్పడేది. ఆ కొత్త ఆటను రహీమ్ శ్రద్ధగా చదువుకున్నారు. ఇద్దరు బ్యాక్‌ల పద్ధతి నుంచి ముగ్గురికి, ఆ దశాబ్దం చివరికల్లా 4-2-4కి మన ఆట మళ్లడంలో ఆయన చెయ్యి పెద్దది.

ఇంకోపక్క కొత్త కుర్రాళ్ల వేట. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆయన కంట్లో పడ్డాడు. ప్రాక్టీసుకి అంత దూరం వచ్చే స్తోమత ఆ పిల్లాడికి లేకపోతే సైకిల్ అద్దెకు డబ్బులు రహీమే ఇచ్చేవారని చెబుతారు. ఆ సైకిల్ ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి.

మెల్‌బోర్న్‌లో అదే యుగోస్లావియా

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి మళ్లీ రహీమే కోచ్. బలరామ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటి హైదరాబాద్ కుర్రాళ్లు జట్టులో ఉన్నారు. తొలి ప్రత్యర్థి హంగరీ తప్పుకుంది. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియాని 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కి చేరిన తొలి ఆసియా జట్టు మనదే.

సెమీస్‌లో ఎదురొచ్చింది ఎవరనుకున్నారు? యుగోస్లావియా. విరామం తర్వాత మొదటి గోల్ కొట్టింది మనవాళ్లే. చివరికి 4-1తో ఓడిపోయాం. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాం. పతకం రాలేదు. కానీ నాలుగేళ్లలో అదే ప్రత్యర్థి మీద 10-1 నుంచి, ముందు గోల్ కొట్టి భయపెట్టే స్థాయికి వచ్చాం. మార్కుల షీటులో రెండూ ఓటములే. చదివేవాడికి మాత్రం తేడా తెలుస్తుంది.

1960 రోమ్‌లో హంగరీతో 2-1 తేడాతోనే ఓడాం, ఫ్రాన్స్‌ని 1-1తో ఆపాం, పెరూ చేతిలో 3-1తో ఓడి ఇంటికొచ్చాం. ఆ జట్టులో రహీమ్ కొడుకు ఎస్.ఎస్. హకీమ్ ఉన్నాడు. తండ్రే కోచ్. అయినా ఒక్క మ్యాచ్‌లోనూ మైదానంలోకి దిగే అవకాశం రాలేదు.

చివరి పరీక్ష

1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీమ్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. టీ కొట్టు దగ్గరైతే ఆ రాత్రే తీర్పు వచ్చేసేది.

తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1తో, జపాన్‌ని 2-0తో ఓడించారు. ఈలోగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ అతణ్ని పక్కన కూర్చోబెట్టలేదు. వెనక ఆడేవాణ్ని తీసుకెళ్లి ముందు సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై అతను గోల్ కొట్టాడు, మనం 3-2తో గెలిచాం.

సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి గురుదత్ సోంధి తప్పుపట్టడంతో స్థానికులు మన మీద మండిపోతున్నారు. కిక్కిరిసిన స్టేడియం మొత్తం మనకు వ్యతిరేకం. జ్వరం నుంచి లేచిన గోల్‌కీపర్ తంగరాజ్‌ని రహీమ్ ఫైనల్‌కి దింపారు. మొదటి 20 నిమిషాల్లోనే పీకే బెనర్జీ ఒకటి, తల మీద కుట్లతో ఉన్న జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనది. బలరామ్ కూడా ఆ జట్టులో ఉన్నాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇప్పటివరకు మనకు అదే ఆఖరి స్వర్ణం.

తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశారు. వయసు 53. రోమ్ తర్వాత ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఆడలేదు.

మన లెటర్‌లో ఏం రాయాలి?

ఫైనల్ ఇయర్‌లో వరసగా ఇంటర్వ్యూలు పోయినప్పుడు నేను ఎవరెవర్ని తిట్టుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ట్రైనింగ్ సరిగ్గా ఇవ్వలేదన్నాను, ప్యానెల్‌కి మనవాళ్లంటే చులకన అన్నాను. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ నా వాటా ఎంతో నేను ఎప్పుడూ రాసుకోలేదు.

ఈసారి రిజెక్ట్ మెయిల్ వస్తే ఒక కాగితం తీసుకోండి. మూడు గడులు గీయండి. నా తప్పు, వ్యవస్థ తప్పు, ఎదుటివాళ్ల బలం. హెల్సింకిని అలా రాస్తే పాత ఆట తీరు మొదటి గడిలో, బూట్లు రెండో గడిలో, యుగోస్లావియా మూడో గడిలో పడతాయి. మొదటి గడిలో ఉన్నవాటికి రేపటి నుంచే పని మొదలుపెట్టండి. రెండో గడిలో ఉన్నవాటిని అడగాల్సినచోట గట్టిగా అడగండి, ఊరుకోవద్దు. మూడో గడిలో ఉన్నవాళ్ల దగ్గర ఏం నేర్చుకోవచ్చో చూడండి. రహీమ్ హంగరీ దగ్గర నేర్చుకున్నట్టు.

మా పీడీ సార్‌కి ఈ వ్యాసం చేరుతుందో లేదో తెలీదు. చేరితే సార్, ఆ లెటర్ మీద ఏడో సంతకం నాది. ఆ రింగుకి వల లేదని కూడా అందులో రాసి ఉండాల్సింది.