చీకటిలో కీర్తించిన కవి: విలియమ్ కూపర్ (1731–1800)

జెకర్యా ప్రవచనము 13వ అధ్యాయము మొదటి వచనము ఆధారముగా, ఇమ్మానుయేలు రక్తపు ఊటను గూర్చి వ్రాయబడిన ఆంగ్ల కీర్తన లోకమంతట ప్రసిద్ధి చెందినది. పాపభారముతో క్రుంగిన అనేకులు దానివలన ధైర్యము పొంది రక్షకుని యొద్దకు వచ్చిరి. అయితే దానిని రచించిన విలియమ్ కూపర్ తన జీవితపు చివరి 27 సంవత్సరములు, ఆ ఊట అందరి కొరకును ఉన్నది గాని తన కొరకు లేదని తలంచుచు బ్రదికెను. ఆయన అవిశ్వాసి కాడు, రోగి. ఆ రోగపు చీకటిలో ఆయన చేతికి దేవుడు అందించిన చిన్న దీపము కవిత్వము.

కూపర్ 1731 నవంబరులో ఇంగ్లండు దేశములోని బెర్కమ్‌స్టెడ్ గ్రామమున జన్మించెను. తండ్రి ఆ గ్రామపు పాదిరి. ఆరవ ఏడు నిండకమునుపే, 1737లో, తల్లి మరణించెను. వెంటనే బాలుని దూరపు పాఠశాలలో చేర్చిరి. అచ్చట పెద్దవాడైన ఒక విద్యార్థి ఆయనను క్రూరముగా హింసించెను. బిడియము, భయము, ఒంటరితనము ఆనాడే ఆయన హృదయములో వేరూనెను. తరువాత లండనులో న్యాయశాస్త్రము చదివెను గాని ఆ వృత్తియందు మనస్సు నిలువలేదు.

1763లో బంధువొకరు ఆయనకు ప్రభువుల సభలో ఒక గుమాస్తా ఉద్యోగము ఇప్పింపబూనెను. అయితే సభవారి యెదుట నిలిచి పరీక్షకు ఉత్తరమియ్యవలసి వచ్చెను. ఆ దినము సమీపించుకొలది భయము పెరిగి మతి చలించెను. ప్రాణము తీసికొనుటకు సహితము ఆయన యత్నించెను. అప్పుడు ఆయనను సెయింట్ ఆల్బన్స్ పట్టణములో డాక్టరు నతానియేల్ కాటన్ నడిపిన మానసిక చికిత్సాలయములో చేర్చిరి. ఆ వైద్యుడు దయగలవాడు, భక్తిపరుడు, తానును కవి. 1764లో ఆ చికిత్సాలయములోనే కూపర్ బైబిలు తెరచి, రోమా పత్రిక 3వ అధ్యాయము 25వ వచనము చదివి, క్రీస్తు తన నిమిత్తమును కరుణాధారమాయెనని గ్రహించి ఆనందభరితుడాయెను.

1765లో ఆయన హంటింగ్‌డన్ పట్టణమున అన్విన్ అను పాదిరి కుటుంబముతో నివసింప నారంభించెను. రెండేండ్లకు ఆ పాదిరి గుర్రముపైనుండి పడి మరణింపగా, ఆయన భార్య మేరీ అన్విన్‌తోను ఆమె కుమార్తెతోను కూపర్ ఓల్నీ గ్రామమునకు తరలివచ్చెను. అచ్చటి బోధకుడు జాన్ న్యూటన్. పూర్వము బానిసల ఓడకు నాయకుడైయుండి, దేవుని కృపవలన మారినవాడు. వీరిరువురు కలిసి కూర్చిన ఓల్నీ కీర్తనలు 1779లో అచ్చయ్యెను. 348 కీర్తనలలో దాదాపు 68 కూపర్ రచనలు.

ఆ గ్రంథము వెలువడుటకు ముందే విపత్తు సంభవించెను. 1773 జనవరిలో రోగము తిరుగబెట్టెను. మరుసటి నెలలో వచ్చిన ఒక స్వప్నమువలన, దేవుడు తన్ను శాశ్వతముగా విసర్జించెనని ఆయనకు తోచెను. ఆ తలంపు మరణము వరకు పూర్తిగా వీడలేదు. ఆయన ఆలయమునకు వెళ్లుట మానెను. తాను ప్రార్థించుట వ్యర్థమనుకొనెను. న్యూటన్ ఆయనను నిందింపలేదు. ఏడాదికి పైగా తన గృహములోనే ఉంచుకొని కాపాడెను. మేరీ అన్విన్ రాత్రింబగళ్లు పరిచర్య చేసెను.

స్వస్థత మెల్లగా, చేతిపనుల ద్వారా మొదలాయెను. 1774లో ఒకరు తెచ్చియిచ్చిన కుందేలు పిల్లను ఆయన సాకెను. త్వరలోనే అవి మూడాయెను. వాటి కొరకు వడ్రంగము నేర్చి గూళ్లు చేసెను. తోటపని చేసెను, మొక్కలకు గాజు గది కట్టెను, బొమ్మలు గీసెను. మనస్సు ఖాళీగా ఉన్నయెడల నిరాశ దానిలో కాపురముండునని అనుభవమువలన ఎరిగి, ప్రతి దినమునకు ఒక పని కల్పించుకొనెను. 1780–81 శీతకాలములో మేరీ అన్విన్ ఒక విషయమిచ్చి దీర్ఘ కావ్యము వ్రాయుమని ప్రోత్సహించెను. అప్పటికి ఆయన వయస్సు దాదాపు ఏబది.

ఆ విధముగా 1782లో మొదటి కావ్యసంపుటి వెలువడెను. అందులో ఆంగ్లేయులు తూర్పుదేశములో, అనగా మన దేశములో, సాగించిన దోపిడిని సహితము ఆయన గద్దించెను. అదే సంవత్సరము, ఆయన క్రుంగియున్న ఒక సాయంకాలమున, లేడీ ఆస్టెన్ అను స్నేహితురాలు గుర్రము అదుపు తప్పిన ఒక బట్టల వర్తకుని కథ చెప్పెను. ఆయన దానిని జాన్ గిల్పిన్ అను హాస్యగేయముగా మలచెను. దేశమంతయు నవ్వెను. అత్యంత దుఃఖసమయములందే అత్యంత హాస్యము వ్రాసితినని ఆయన ఒక లేఖలో ఒప్పుకొనెను. ఆమెయే సోఫాను గూర్చి వ్రాయుమనగా, ఆ పరిహాసమునుండి ఆరు భాగముల మహాకావ్యమైన ది టాస్క్ పుట్టి, 1785లో ప్రచురితమాయెను. 1788లో బానిస వ్యాపారమును ఖండించు గేయములు రచించెను. దినమునకు సుమారు 40 పంక్తుల చొప్పున హోమరు కావ్యములను అనువదించి 1791లో ప్రకటించెను.

అయినను కవిత్వము ఆయన రోగమును మాన్పెనని చెప్పుట సత్యము కాదు. 1787లో మరల మతి చలించెను. తరువాత మేరీ అన్విన్ పక్షవాతముతో పడిపోగా, ఇంతకాలము పరిచర్య పొందినవాడు తానే పరిచారకుడాయెను. ఆమె 1796లో మరణించెను. 1799లో ఆయన వ్రాసిన చివరి కావ్యము, ఓడనుండి కొట్టుకొనిపోయిన ఒక నావికుని కథ. అందులో తన్ను ఆ నావికునికంటె లోతైన నీళ్లలో మునిగినవానిగా చూచుకొనెను. 1800 ఏప్రిల్ 25న ఈస్ట్ డీరమ్ పట్టణములో కన్నుమూసెను. మరణించిన పిమ్మట ఆ ముఖముమీద ప్రశాంతతయు, పవిత్రమైన ఆశ్చర్యమువంటిదియు కనబడెనని, తుదివరకు సేవచేసిన బంధువు జాన్ జాన్సన్ తెలిపెను.

కవిత్వము కూపరును స్వస్థపరచలేదు, ఆయనను నిలిపినది. 1773లో ముగిసిపోవలసినదిగా తోచిన జీవితమును దినదినము మోసి, మరి 27 సంవత్సరములు ముందుకు నడిపినది. పనియందు నిమగ్నుడైన గంటలలో ఆ భయంకరమైన తలంపునకు చోటు తగ్గెను. ఆ పనికి వెనుక వైద్యుడు కాటన్, స్నేహితుడు న్యూటన్, మేరీ అన్విన్ నిలిచిరి. వీరిలో ఎవరును ఆయన రోగమును పాపమని యెంచలేదు.

పరిశుద్ధ గ్రంథములో 88వ కీర్తన చీకటితోనే ముగియుచున్నది. అయినను దేవుడు దానిని తన గ్రంథమునుండి తీసివేయలేదు. మన సంఘములలో మనోవ్యాధితో బాధపడువారిని చూచి, విశ్వాసము చాలక ఇట్లాయెనని పలుకుట సులభము. వైద్యుని యొద్దకు తోడుగా వెళ్లుట, ఇంటిలో చోటిచ్చుట, వారి చేతులకు ఒక కుంచెయో కలమో తోటపనియో అందించుట క్రీస్తు మార్గము. దేవుడు తన చేయి విడిచెనని కూపర్ నమ్మెను. ఆ చేయి వ్రాసిన కీర్తనలు నేటికిని ఇతరులను దేవుని యొద్దకు నడిపించుచున్నవి.